గడ్డ ఏ రకమో ముందు అడగండి
(సొసైటీ వార్షిక సభలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)



మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి రొమ్ములో గడ్డతో వచ్చే ఆడవాళ్ల ఇంటివారు నన్ను మొదట అడిగేది ఒక్కటే: "ఆపరేషన్‌కు ఎంతవుతుందమ్మా?" దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: "ఇది ఏ రకం?"

రొమ్ము క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే మన వాళ్లకు ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. కర్ర ఏదో చూశాకే పనిముట్టు చేతికి తీసుకుంటారు. ఇక్కడా అంతే. గడ్డ నుంచి సూదితో తీసిన చిన్న ముక్కకు ఐహెచ్‌సీ అనే పరీక్ష చేసి ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడింటిని చూస్తారు. మొదటి రెండూ హార్మోన్ గ్రాహకాలు, అంటే తాళంకప్పల లాంటివి. ఒంట్లోని స్త్రీ హార్మోనే తాళంచెవి. అది తగిలినప్పుడల్లా క్యాన్సర్ కణం పెరుగుతుంది.

అండాశయాలు తీసేస్తే కొందరిలో గడ్డ కరుగుతోందని 1896లోనే స్కాట్లాండ్ డాక్టర్ బీట్సన్ రాశారు. కారణం అప్పటికి తెలియదు. ఇప్పుడు టామాక్సిఫెన్ మాత్ర ఆ తాళం రంధ్రాన్నే మూసేస్తుంది. ముట్లు ఆగిపోయినవారికి లెట్రోజోల్ వంటి మాత్రలున్నాయి. ఈఆర్ పాజిటివ్ ఉన్నవారు టామాక్సిఫెన్ ఐదేళ్లు వాడితే ఈ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అది చవకైన మందు.

హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ కావాలి. అది ఖరీదైనది. మూడూ లేకపోతే ట్రిపుల్ నెగటివ్ అంటారు. మన దేశంలో ఈ రకం పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా కనిపిస్తోంది. వారికి హార్మోన్ మాత్రలు పనిచేయవు, కీమో ఆలస్యం కాకూడదు.

ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి నడుము నొప్పితో వచ్చింది. రెండేళ్ల కిందట ఒక చోట ఆపరేషన్ అయింది. "గడ్డ తీసేశాం" అని ఇంటికి పంపారట. గ్రాహకాల పరీక్ష ఎవరూ చేయించలేదు. ల్యాబులో దాచిన మైనపు దిమ్మె తెప్పించి చూస్తే ఈఆర్ పాజిటివ్. అప్పటికే ఎముకలకు పాకింది. రోజుకో మాత్ర ఆమెకు అందాల్సింది, అందలేదు.

ఆపరేషన్‌కు, కీమోకు ఎన్టీఆర్ వైద్య సేవ ఆదుకుంటోంది. అయితే తొలి పరీక్షలకు, నెల్లూరుకో తిరుపతికో వెళ్లొచ్చే ఖర్చులకు, తోడు వచ్చే మనిషి కూలి పోవడానికి పేదింటి చేతిలో డబ్బుండదు. మీ జకాత్, సదకా సొమ్ములో కొంత ఈ పరీక్షకు కేటాయించండి. రిపోర్టు నకలు సొసైటీ ఫైల్లో పెట్టించండి.

ఇంకో మాట. ఒళ్లు తేలికపడగానే చాలామంది మాత్ర మానేస్తారు. రోజాలని కూడా మానేస్తారు. రోజుకు ఒక్కటే కనుక సహరీలోనో ఇఫ్తార్ తర్వాతో వేసుకోవచ్చు, డాక్టరును అడిగి వేళ ఖాయం చేసుకోండి.

మనం రంజాన్‌లో ఒకసారి ఇస్తాం. ఈ మందు కనీసం ఐదు రంజాన్లు దాటాలి. ఒక్కో దాత ఒక్కో అక్కకు ఆ ఐదేళ్లూ తోడుంటే చాలు. అల్లాహ్ మనందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.