నయాఖిలాలో గోల్ఫ్ మైదానం

మన ఖానాపూర్, నిర్మల్ వైపు ఆటలంటే కబడ్డీ, క్రికెట్, జాతరలొస్తే కుస్తీ. గోల్ఫ్ చూడాలంటే హైదరాబాద్ దాకా పోవాలి. అక్కడ గోల్కొండను ఆనుకొని నయాఖిలాలో ఉన్న గోల్ఫ్ మైదానం కథ ఇవాళ చెబుతాను. ఆ ఆట తెలియనివాళ్లూ వినదగ్గ కథే. అసలు కథంతా ఆ నేలది.

1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వచ్చాడు. అప్పటికింకా యువరాజే. కోట చిక్కలేదు, సంధి కుదిరింది. కాని ఈశాన్యంలోని గుట్ట శత్రువు చేతిలో పడితే అక్కడి నుంచి ఫిరంగులు పేల్చవచ్చని గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాకు అర్థమైంది. ఆ గుట్టను లోపలికి కలుపుకొని కొత్త గోడ కట్టించాడు. అదే నయాఖిలా. 1687లో ఔరంగజేబు బాదుషాగా మళ్లీ వచ్చి, ఎనిమిది నెలలు ముట్టడించి గోల్కొండను పట్టుకున్నాడు.

ఆ గోడల మధ్య కుతుబ్‌షాహీల తోట ఉండేది. రాజ్యం పోయింది, తోట మట్టిలో కలిసింది. తర్వాత రైతులు అక్కడ సాగు చేసుకున్నారు. ఈ శతాబ్దం తొలి ఏళ్లలో పచ్చిక పరిచి, 18 హోల్స్ గోల్ఫ్ మైదానం తయారుచేశారు. 2014 ప్రాంతంలో పురావస్తు శాఖవాళ్లు తవ్వితే నీటి కాలువలు, మట్టి గొట్టాలు, కొలనులు బయటపడ్డాయి. సదర్‌మాట్ కాలువ కింద వరి పండించే మీకు నేను వేరే చెప్పాలా? నేల వాలు ఎరిగినవాళ్లే అలాంటి ఏర్పాటు చేయగలరు.

అక్కడే హతియాన్ కా ఝాడ్ ఉంది. ఆఫ్రికా జాతి బావోబాబ్ చెట్టు. మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. దాని తొర్రలో నలభై మంది దొంగలు దాగేవారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ మాను ముందు నిలబడితే కొట్టిపారేయబుద్ధి కాదు.

ఆటకు నేను వ్యతిరేకిని కాను. పచ్చిక మీద పొద్దున్నే నడిచే ఆట మంచిదే. కాని పచ్చిక ఎక్కడైనా పెరుగుతుంది, కుతుబ్‌షాహీల తోట మరోచోట దొరకదు. మిగిలిన తోటను కూడా తవ్వి జనానికి చూపించాలి, ఆట దానికి చోటివ్వాలి.

ఈసారి హైదరాబాద్ పోతే చార్మినార్ ఒక్కటే చూసి తిరిగి రాకండి. నయాఖిలా గేటు దగ్గర అడిగి లోపలికి పోయి ఆ చెట్టునూ, ముల్లా ఖయాలీ మసీదునూ చూడండి. పిల్లలనూ వెంట తీసుకుపోండి.