బోర్డు బ్యాటరీకి ముందు ఎండ లెక్క

ఒక రాత్రి మా సైట్‌లో కరెంటు పోయింది, దారి మళ్లింపు చూపించే బోర్డు కూడా ఆరిపోయింది. బ్యాటరీకి ఏడాది కూడా నిండలేదు. ఒక కారు కోన్లని గుద్దుకుంటూ మావాళ్లకి రెండడుగుల దూరంలో ఆగింది.

తప్పు నాదే. ఆంపియర్లు చూశాను, ఎండ చూడలేదు. 2016 జూలైలో కువైట్ మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఎండలో ఉన్న ఇనుప పెట్టె లోపల ఇంకా ఎక్కువ. 25 దాటాక ప్రతి పది డిగ్రీలకీ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

400 వాట్ల బోర్డు నాలుగు గంటలు వెలగాలంటే 1600 వాట్-అవర్లు కావాలి. లెడ్ యాసిడ్‌ సగమే వాడాలి, కాబట్టి 3200 పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 2000 చాలు. కానీ ఎన్ని డిగ్రీల దాకా ఛార్జింగ్ తీసుకుంటుందో డేటాషీట్‌లో చూసే కొనండి. పెట్టెకి నీడ, గాలి ఆడే దారి తప్పనిసరి.

ఇప్పుడు నేను నెలకోసారి మెయిన్ ఆపి, బోర్డు ఎంతసేపు వెలుగుతుందో చూస్తున్నాను. మీరూ చూడండి.