పాతకారు కొనుట

ఏనుగును కొనుటకంటె మేపుట కష్టము. పాతకారు సంగతియు అంతే. వెల ఒక్కటే చూచి కొన్నచో, మరమ్మతులు నెలజీతమును మ్రింగివేయును.

విడిభాగములు మన ఊరిలోనే దొరకు చిన్న కారు మేలు. మారుతి ఆల్టో, వాగన్ ఆర్ వంటివి చిన్న పట్టణముల మెకానిక్కులకు సైతము పరిచితములు.

సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిదప తనిఖీ చేయించి, రుసుము కట్టి, అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. కనుక 13 ఏండ్ల కారు చవుకగా దొరికినను, రెండేండ్లలో ఆ ఖర్చు మన నెత్తిన పడును.

ఇంజను చల్లగా నున్నప్పుడే స్టార్టు చేయించి చూడుడు. పొగ నీలముగా వచ్చినచో, లోపల ఆయిలు కాలుచున్నదని గుర్తు. బేరమునకు ముందు మెకానిక్కుకిచ్చు కూలి దండుగ కాదు.

ఆర్.సి.పై బ్యాంకు అప్పు లేదని చూచుకొని, కొన్న 30 దినములలో పేరు మార్పించుకొనుటకు రవాణాశాఖకు దరఖాస్తు చేయుడు.