ఆశ్రమవాసులగు వృద్ధుల సంరక్షణము



మన బాపట్ల, రేపల్లె, తెనాలి ప్రాంతములలో తాళము వేసిన పెంకుటిండ్లును, అరుగుమీద నొంటరిగా గూర్చుండు వృద్ధులును నేడు అరుదు కాదు. బిడ్డలు హైదరాబాదునకో, అమెరికాకో పోయిరి. వారిని నిందించి ఫలము లేదు. కొందరు పెద్దలు వృద్ధాశ్రమములు చేరుచున్నారు. చేరినవారి నెట్లు చూడవలెననునదియే నేటి ప్రసంగవిషయము.

నా సహాధ్యాయి యొకరు అట్టి ఆశ్రమమున నుండగా చూడబోతిని. అన్నము వేళకు వచ్చుచున్నది. పక్కబట్టలు శుభ్రముగా నున్నవి. కాని పరిచారకుడు తొందరపడి ముద్దలు కలిపి నోట బెట్టుచుండెను. “చేయి వణకునే గాని పడిపోలేదు. నా అన్నము నేను తినుటకు అరగంట పట్టును. ఆ అరగంట నాకెవ్వరు నీయరు” అని ఆయన యనెను. ఆరు మాసములకు, అలవాటు తప్పిన ఆ చేయి ముద్ద యెత్తలేక పోయెను. ఉపకారమనుకొన్నది అపకారమైనది.

ఐక్యరాజ్యసమితి 1991వ సంవత్సరమున వృద్ధులకై 18 సూత్రములను ఐదు శీర్షికలక్రింద ప్రకటించెను. అవి స్వాతంత్ర్యము, భాగస్వామ్యము, సంరక్షణము, ఆత్మవికాసము, గౌరవము. సంరక్షణము ఐదింటిలో నొకటి మాత్రమే యని గమనింపుడు.

ఆచరణమున దీని యర్థమేమి? చేయగల పనిని వారినే చేయనీయవలెను. స్నానభోజనముల వేళలు వారి నడిగి నిర్ణయింపవలెను. ముదిమియందు దప్పిక అంతగా తెలియదు గావున అడుగకున్నను నీరందింపవలెను. మంచమున బడినవారిని తరచుగా ప్రక్కకు త్రిప్పనిచో ఒంటికి పుండ్లు పడును. చదువరికి పుస్తకమును, రైతునకు నాలుగు మొక్కలును ఉండవలెను. గదిలోనికి బోవునపుడు తలుపు తట్టవలెను.

2007వ సంవత్సరపు చట్టము జిల్లాకొక్కటైనను, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు ఆశ్రమ ముండవలెనని తలచినది. బిడ్డలు పోషింపనిచో తల్లిదండ్రులు ఆ చట్టముక్రింద న్యాయాధికరణమున అర్జీ పెట్టుకొనవచ్చును. 14567 సంఖ్యకు టెలిఫోను చేసి సాయము కోరవచ్చును.

గ్రామపెద్దలారా! చట్టము గోడలు కట్టింపగలదు. అరగంట ఓపిక నీయజాలదు. మీ యూరివారు ఆశ్రమమున నున్నచో నెలకొకమారు పోయి చూడుడు. పరిచారకులు దగ్గర లేనపుడు వారినే యడుగుడు. లోపము కనబడిన అధికారితో నెమ్మదిగా చెప్పుడు. ఆనాడు నేను మర్యాదకు వెనుదీసి మాటాడక వచ్చితిని. ఆ తప్పు నాది. మీరట్లు చేయకుడు.