భాష తెలియని దర్శకుడు

నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న వ్యక్తి ఎల్లిస్ ఆర్. డంగన్. ఈ పేరు మన యిండ్లలో తరచుగా వినబడునది కాదు. కాని ‘మీరా’ చిత్రములో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడిన పాటలను గ్రామఫోను మీదనో, రేడియోలోనో విననివారు అరుదు. ఆ చిత్రమునకు దర్శకుడు అమెరికనుడనియు, ఆయనకు తమిళము రాదనియు చెప్పినచో చాలమంది ఆశ్చర్యపడుదురు.

డంగన్ 1909లో ఒహాయో రాష్ట్రమున జన్మించినారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చలనచిత్ర విద్య అభ్యసించుచుండగా మాణిక్‌లాల్ టాండన్ అను భారతీయ విద్యార్థితో స్నేహము కలిగినది. ఆ స్నేహమే 1935లో ఆయనను మన దేశమునకు రప్పించినది. కొద్దికాలము ఉండి పోవుదమని వచ్చిన యువకుడు పదునైదేండ్లు నిలిచిపోయినాడు!

ఆనాటి దక్షిణాది టాకీలు చాలవరకు నాటకములకు నీడలు. నటులు కెమేరా ఎదుట వరుసగా నిలిచి, రంగస్థలము మీదవలె గొంతెత్తి పాడెడివారు. కెమేరా కదలెడిది కాదు. ఈ పద్ధతిని మార్చినవారిలో డంగన్ ముఖ్యులు. ఆయన తొలి చిత్రము 1936 నాటి ‘సతీ లీలావతి’. దానికి మూలము ఎస్. ఎస్. వాసన్ నవల. ఎం. జి. రామచంద్రన్ తెరమీదికి వచ్చినది అందులోనే, ఒక చిన్న పాత్రలో.

భాష రాని దర్శకుడు సంభాషణకు న్యాయము చేయగలడా? చేయలేడు. డంగన్ చేసినట్లు మేమును చెప్పము. సంభాషణలను ఇంగ్లీషులోనికి మార్పించుకొని, ప్రక్కన తమిళము తెలిసిన సహాయకులను ఉంచుకొని ఆయన పని నడపినారు. 1937 నాటి ‘అంబికాపతి’లో మాటల సొంపు ఇళంగోవన్‌ది. చూపులు, నీడలు, ముఖములు మాత్రము డంగన్‌వి.

1940లో వచ్చిన ‘శకుంతలై’లో సుబ్బులక్ష్మిగారు శకుంతల, జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యంగారు దుష్యంతుడు. అటువంటి జంట గాత్రములు తెర మీద మరల కలిసినవా యని సంగీతప్రియులు నేటికిని తలచుకొందురు. అయినను డంగన్ ప్రతిభకు అసలైన నిదర్శనము 1945 నాటి ‘మీరా’.

ఆ చిత్రమునకై ఆయన చేసిన ఏర్పాటు వినదగినది. సుబ్బులక్ష్మిగారి ముఖప్రతిమను పోత పోయించి, ఛాయాగ్రాహకుడు జితేన్ బెనర్జీతో కలిసి దానిపై దీపములను ఇటు నుండియు అటు నుండియు ప్రసరింపజేసి చూచినారు. ఏ కోణమున ఏ వెలుగు పడిన భక్తురాలి ముఖమున ఆ శాంతి కనబడునో ముందుగనే నిర్ణయించుకొన్నారు. తెర మీద మనకు దైవికముగా తోచినది ఓపికతో దీపము జరుపుటవలన వచ్చినది. స్టూడియోలో మైక్రోఫోనును అంగుళమంగుళముగా జరుపు మావంటివారికి ఈ సంగతి మరింత రుచించును. ఒక పాట నడుచుచుండగానే బాలిక మీరా యువతి మీరాగా మారు ఘట్టమును చూచినవారు మరువరు.

‘మీరా’ హిందీ రూపము 1947లో వెలువడినది. అందులో సుబ్బులక్ష్మిగారిని ప్రేక్షకులకు పరిచయము చేసినది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడుగారు. ఆ తరువాత సుబ్బులక్ష్మిగారు మరి ఏ చిత్రమునను నటింపలేదు.

డంగన్‌పై ఆక్షేపణలును లేకపోలేదు. 1950 నాటి ‘పొన్ముడి’లో నాయికానాయకుల సాన్నిహిత్యము చాలమందికి కంటగింపైనది. ఇది ఉత్త ఛాందసమని మేము త్రోసివేయజాలము. కన్ను ఎంత నిశితమైనను, ఒక సమాజము ఎచ్చట తెర దించుకొనునో పరాయివానికి తెలియుట కష్టము. అదే యేట వచ్చిన ‘మంత్రికుమారి’లో కరుణానిధి సంభాషణలు జనమును ఉర్రూతలూగించినవి. డంగన్‌తోపాటు దర్శకులుగా టి. ఆర్. సుందరముగారి పేరును అందు కలదు.

అంతటితో ఆయన స్వదేశము చేరి, పశ్చిమ వర్జీనియాలోని వీలింగ్ పట్టణమున స్థిరపడి, డాక్యుమెంటరీలు తీయుచు జీవించినారు. 1990లలో ఒకమారు మద్రాసు రాగా చిత్రసీమవారు ఆదరముతో సన్మానించినారు. 2001లో, తొంబదిరెండవ యేట, ఆయన కన్నుమూసినారు. ఆత్మకథ వెలువడినదియు ఆ సంవత్సరముననే.