శిలాఫలకం మీద పేరు ఎవరిది, సొమ్ము ఎవరిది?

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! ప్రభుత్వ జమాఖర్చులకూ జుమా ప్రసంగానికీ పొత్తేమిటని కొందరికి అనిపించవచ్చు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఒక సంఘటన ఆ సందేహాన్ని తీరుస్తుంది. అజ్ద్ తెగకు చెందిన ఇబ్నుల్ లుత్‌బియ్యా అనే వ్యక్తిని దైవప్రవక్త (స) జకాత్ వసూలుకు నియమించారు. ఆయన తిరిగివచ్చి, తెచ్చిన సొమ్మును రెండు కుప్పలుగా విడదీసి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అని అన్నారు. ప్రవక్త (స) మింబర్ ఎక్కి, ఆ మనిషి తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుకలు అతని గుమ్మం వెతుక్కుంటూ వచ్చేవా అని సభాముఖంగా ప్రశ్నించారు. పదవి వల్ల వచ్చినది పదవికే చెందుతుంది. ఈ సంగతి ఆయన ఆంతరంగికంగా మందలించి వదిలివేయలేదు, మింబర్ మీద నుండే చెప్పారు.

ఆ వసూలుదారు ప్రజలు ఇచ్చినదాన్ని తనదన్నాడు. మన కాలంలో వ్యవహారం తలక్రిందులైంది. ప్రజల సొమ్మునే ప్రజలకు ఇచ్చి, ఇది నా కానుక అంటున్నారు.

పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకాన్నే తీసుకోండి. 1993 డిసెంబరులో, తెలుగువాడైన పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలో, ఇది ఆరంభమైంది. తొలి యేడు సభ్యునికి 5 లక్షల రూపాయలు, మరుసటి యేడు కోటి, 1998లో రెండు కోట్లు, 2011 నుండి 5 కోట్లు. నిబంధన ప్రకారం సభ్యుడు పనిని సిఫారసు చేస్తాడు, అంతే. మంజూరు, అమలు జిల్లా అధికారుల బాధ్యత. కానీ ఊరి బస్సు షెల్టరు మీద మనకు కనిపించేది ఎవరి పేరు? రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఈ పథకాన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది. చట్టం చేసి, ఖర్చును ప్రశ్నించవలసిన సభ్యుడే ఖర్చు పెట్టేవాడైతే ఇక ప్రశ్నించేదెవరన్నది ఆ సిఫారసు వెనుకనున్న చింత. 2010లో సుప్రీంకోర్టు పథకం రాజ్యాంగబద్ధమేనని తీర్పునిచ్చింది. రాజ్యాంగబద్ధం కావడం వేరు, వివేకం వేరు. 2020 ఏప్రిల్‌లో కరోనా నిమిత్తం రెండేళ్లపాటు దీనిని నిలిపివేసినప్పుడు ఖజానాకు మిగులుతుందన్న మొత్తం 7,900 కోట్ల రూపాయలు. రెండేళ్లు పూర్తిగా గడవకముందే, 2021 నవంబరులో, పథకాన్ని పునరుద్ధరించారు.

మన రాష్ట్రంలోనివి ఇంకా కళ్లకు కట్టినట్టుంటాయి. ఉండవల్లి వద్ద కృష్ణా కరకట్ట ప్రక్కన ఒక ప్రభుత్వం కోట్లు వెచ్చించి ప్రజావేదిక కట్టింది. అది నదీ సంరక్షణ నిబంధనలకు విరుద్ధమని తదుపరి ప్రభుత్వం 2019 జూన్‌లో కలెక్టర్ల సమావేశాన్ని అందులోనే జరిపి, అక్కడే కూల్చివేతను ప్రకటించి, ఆ మరునాడే పని మొదలుపెట్టింది. కట్టినదీ మన డబ్బే, కూల్చినదీ మన డబ్బే. పిమ్మట పంచాయతీ కార్యాలయాలకు అధికార పక్షపు రంగులు వచ్చాయి. 2020 మార్చిలో హైకోర్టు వాటిని తొలగించమంది. సుప్రీంకోర్టు అదే నెలలో ఒకసారి, జూన్‌లో మరొకసారి ప్రభుత్వ విన్నపాన్ని తోసిపుచ్చింది. రంగు వేయడానికొక ఖర్చు, మార్చడానికింకొకటి. విశాఖలో ఋషికొండ మీద పర్యాటక ప్రాజెక్టు పేరిట వందల కోట్లతో లేచిన భవనాలు ఎవరి నివాసానికన్న వివాదంలో మునిగిపోయాయి. నేను ఏ పక్షం పేరూ ఎత్తడం లేదు. మీ అందరికీ తెలుసు, పైగా ఈ వ్యాధి ఒక్క జెండాకు అంటినది కాదు.

కూఫాలో గవర్నరుగా ఉన్న హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) సామాన్యులైన వారు కారు, పర్షియాను జయించిన సేనాని. అంగడి రొదకు దూరంగా ఉండేందుకు తమ భవనానికి తలుపు పెట్టించారు. ఆ వార్త మదీనాకు చేరగానే హజ్రత్ ఉమర్ (రజి) ముహమ్మద్ బిన్ మస్లమాను పంపి ఆ తలుపును కాల్పించారని చరిత్రకారులు వ్రాశారు. భవనాన్ని కూల్చలేదు, గమనించండి. పాలకునికీ ప్రజలకూ నడుమ అడ్డంగా నిలిచినదాన్ని మాత్రమే తొలగించారు. మనవారైతే భవనాన్నే నేలమట్టం చేసి, మరొకచోట తలుపులు బిగించుకుంటారు!

పొదుపు గురించిన ఉపన్యాసాలకు మాత్రం కొదువ లేదు. ద్రవ్యలోటును హద్దులో ఉంచడానికి మన రాష్ట్రం 2005లోనే చట్టం చేసుకున్నది. ప్రతిపక్షంలో ఉన్నవారికి అది కంఠస్థం. అధికారం రాగానే ఖజానా ఖాళీ అంటూ శ్వేతపత్రాలు, ఆ వెనువెంటనే కొత్త శంకుస్థాపనలు. పొదుపు పేరు చెప్పి మొదట కోత పెట్టేది ఎక్కడో ఈ పెనుగొండ రైతులను అడగండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుండి ఈ డెల్టా కాలువల మీద, మురుగు డ్రెయిన్ల మీద బ్రతుకుతున్నది. డ్రెయిన్లలో పూడిక పేరుకొని, గుర్రపుడెక్క అల్లుకుంటే, కోతకొచ్చిన చేను ఒక్క వాయుగుండానికి నీట మునిగి, కంకి మీదే మొలక వస్తుంది. అయినా పూడికతీతకు శిలాఫలకం ఉండదు. అందువల్లనే దానికి నిధులుండవు, స్వాగత ద్వారానికి ఉంటాయి.

అనవసరంగా సొమ్ము విరజిమ్మేవారిని దివ్యఖుర్ఆన్ (బనీ ఇస్రాయీల్ సూరా) షైతాను సోదరుల వరుసలో నిలిపింది. ఆ వాక్యాన్ని మన పెళ్లి విందులకు వర్తింపజేసి ఊరుకుంటున్నాము. ఖజానాకు వర్తింపజేయడం లేదు. బహుశా అక్కడ మనకూ వాటా ఉన్నందువల్లనేమో! ఎన్నికలు సమీపించగానే నాయకుని వద్దకు వెళ్లి ఈద్‌గాహ్‌కు ద్వారం, షాదీఖానాకు ఒక అంతస్తు, దీపాలు కోరే జమాఅత్‌లు కోస్తా అంతటా ఉన్నాయి. మతపరమైన ఆరాధనా స్థలాలలో పనులకు ఎంపీ నిధులు వాడరాదని నిబంధనలలోనే ఉన్నది. అది తెలిసీ వేరొక పద్దు క్రింద ఇప్పించమని అడగడం అమానత్‌లో ద్రోహానికి తోడ్పడటమే. ఖబ్రస్తాన్ గోడ అవసరమైతే అడగండి, అది పౌరులుగా మన హక్కు. అడిగే చోటు గ్రామసభ, కోరే పద్ధతి లిఖితపూర్వక అర్జీ. నాయకుని ఇంటి వరండాలో మొత్తం బిరాదరీ తరఫున ఓట్ల మాట ఇచ్చి తెచ్చుకున్న గోడ హక్కు కాదు, బేరం. ఆ బేరం కుదిరిన తరువాత, మన వీధి డ్రెయిను సంగతి అడగడానికి నోరెలా వస్తుంది?

పంచాయతీ వార్షిక లెక్కలను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందుంచవలసి ఉన్నది. 1994 పంచాయతీరాజ్ చట్టం ఆ మాట చెబుతున్నది. 2005 సమాచార హక్కు చట్టం క్రింద ఏ పనికి ఎంత ఖర్చయిందో ఎవరైనా తెలుసుకోవచ్చు. మన యువకులలో చదువుకున్నవారు ఇద్దరు ముగ్గురు ఈ పని చేపట్టాలి. ముందు డ్రెయిన్ల పూడికతీత లెక్క అడగండి. దాని వల్ల మేలు పొందే పొలాలలో అన్ని మతాలవారివీ ఉన్నాయి. లెక్క అడిగే ముందు మన మస్జిదు కమిటీ జమాఖర్చుల కాగితాన్ని వుజూఖానా గోడకు అంటించండి. ఈ నెలదే, వచ్చే జుమా లోపుగా.

ఇంతటితో నా మాట ముగిస్తున్నాను. నా కొరకు, మీ అందరి కొరకు అల్లాహ్‌ను క్షమాభిక్ష వేడుకుంటున్నాను.