సైకిల్ డేంజర్, బైక్ సేఫా? అమ్మతో ఒక డిబేట్

మొన్న మా ఇంట్లో చిన్న యుద్ధం జరిగింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా సైకిల్ మీద పోయొస్తా అన్నా. మా అమ్మ, "ఆ లారీలు చూసినవా? ఏం అక్కర్లే, బైక్ తీస్కపో" అంది. అంటే ఆమె లెక్కలో బైక్ సేఫ్, సైకిల్ డేంజర్!

సరే, డేటా చూపిస్తే ఒప్పుకుంటది కదా అని కూర్చున్నా. కేంద్ర రోడ్డు రవాణా శాఖ రిపోర్ట్ ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో టూవీలర్ మీద ఉన్నవాళ్లు 44.5 శాతం. నడిచి పోయేవాళ్లు 19.5. సైకిల్ వాళ్లు 2.9 శాతం, అంటే 4,836 మంది.

గెలిచా అనుకున్నా. అమ్మ ఫోన్ చూసి ఒకటే అడిగింది: "అసలు సైకిల్ తొక్కేటోళ్లు ఎంతమంది ఉన్నర్రా?"

అయిపోయింది. నేను బీటెక్, ఆమె టెన్త్. డినామినేటర్ అడిగింది మాత్రం ఆమె.

నిజమే కదా. తక్కువ మంది తొక్కితే తక్కువ మందే చనిపోతారు. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎట్లా పోతున్నారని అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు తీసేస్తే సైకిల్ మీద పోయేవాళ్లు సుమారు 13 శాతం, బైక్, స్కూటర్ వాళ్లు కూడా ఇంచుమించు అంతే. కానీ ఆ తర్వాత బైకులు విపరీతంగా పెరిగాయి, పైగా బైక్ ఎక్కువ దూరం పోతుంది. సో ఈ రెండూ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పలేం. దూరం లెక్క పక్కాగా ఉండే బ్రిటన్‌లో చూస్తే, మైలుకు చావుల్లో సైకిల్, నడక దాదాపు ఒకే దగ్గర ఉంటాయి. మోటార్‌సైకిల్ వాటికి కొన్ని రెట్లు పైన. కారు అన్నిటికన్నా కింద.

దెబ్బల సంగతి వేరు. ఇక్కడ అమ్మదే పాయింట్. గ్లాస్గో యూనివర్సిటీ వాళ్లు 2020లో ఒక స్టడీ వేశారు, బ్రిటన్‌లో 2.3 లక్షల మంది మీద. వెయ్యి మంది పదేళ్లు ఆఫీసుకి సైకిల్ మీద పోతే, దెబ్బ తగిలి హాస్పిటల్‌లో చేరేవాళ్లు 26 మంది పెరుగుతారు. అదే వెయ్యి మందిలో క్యాన్సర్ కేసులు 15 తగ్గుతాయి, గుండె జబ్బులు 4, చావులు 3 తగ్గుతాయి. అంటే మోకాలు చెక్కుకుపోయే ఛాన్స్ పెరుగుతుంది, పోయే ఛాన్స్ తగ్గుతుంది. అది బ్రిటన్ రోడ్ల లెక్క, మేడ్చల్ హైవేది కాదు. అది మర్చిపోవద్దు.

ఇంకోటి. మా ఇంట్లో పోయిన పదేళ్లలో పెద్ద దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా? మా అమ్మమ్మకి. బాత్రూమ్‌లో సబ్బు నీళ్ల మీద జారి తుంటి ఎముక విరిగింది. ఆర్నెల్లు మంచం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కింద పడి చనిపోయేవాళ్లు ఏటా 6,84,000 మంది. ప్రమాద మరణాల్లో రోడ్డు తర్వాత రెండో స్థానం ఇదే. అయినా ఎవరూ "స్నానానికి పోకు" అనరు. రోజూ చేసే పని మనకి భయం పుట్టించదు, అంతే.

ఇప్పుడు మన రూట్‌కి వద్దాం. నానక్‌రామ్‌గూడ సైడ్ వాళ్లకి 2023 అక్టోబర్‌లో 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ వచ్చింది. మనకి? ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీద సైకిల్‌కే కాదు, బైక్‌కి కూడా ఎంట్రీ లేదు. ఉన్నది సర్వీస్ రోడ్డు. అక్కడ లారీ కన్నా నాకు రెండు భయాలు ఎక్కువ. ఒకటి, టిప్పర్ల నుంచి రోడ్డు అంచున రాలిన కంకర, ఇసుక. బ్రేక్ కొడితే ముందు చక్రం జారిపోద్ది. రెండోది, రాంగ్ రూట్‌లో లైట్ లేకుండా వచ్చే బైకులు. కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద మాత్రం చీకటి పడ్డాక నేనైతే తొక్కను. అక్కడ అమ్మ చెప్పిందే కరెక్ట్.

చివరికి సెటిల్‌మెంట్ ఇట్లా కుదిరింది: పొద్దున ఆరున్నరకి బయల్దేరి ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి, హెల్మెట్ స్ట్రాప్ బిగించాలి, వెనక రెడ్ లైట్ పగలు కూడా వెలగాలి, లైవ్ లొకేషన్ ఆన్‌లో ఉండాలి. నా తరఫు కండిషన్ ఒకటే: బాత్రూమ్‌లో పట్టుకోవడానికి స్టీల్ రాడ్, కింద రబ్బర్ మ్యాట్. నిన్ననే ఫిట్ చేయించా. అమ్మమ్మ రాడ్ పట్టుకుని రెండుసార్లు ఊపి చూసి, "గట్టిగనే ఉంది, ఇగ నువ్వు పో" అంది.